తెలిసిన విత్తనం, తెలియని విత్తనం

(కిన్వట్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, మరాఠీ మాట్లాడేవాళ్లు, గోండీ, కొలామీ, లంబాడీ మాట్లాడేవాళ్లు ఈ హాల్లో పక్కపక్కన కూర్చున్నారు. నేను తెలుగులో చెబుతాను. ఎక్కడైనా అర్థం కాకపోతే మధ్యలోనే ఆపి అడగండి, నాకు ఇబ్బంది లేదు.

ఈ సభ ప్రొఫెసర్ క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ స్మృతిలో జరుగుతోంది. ఆయన 1909లో వియన్నాలో పుట్టారు. 1938లో ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకోవడంతో, రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. బ్రిటిష్ ఇండియా లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. నిజాం రాజ్యంలో ఉండి పని చేసుకోవడానికి మాత్రం వీలు దొరికింది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణాలిచ్చిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆయన్ని ఆదిలాబాద్ కొండలకు పంపింది. అప్పటికి మన కిన్వట్ కూడా ఆదిలాబాద్ జిల్లా తాలూకాయే. 1956లో రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు కిన్వట్ తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్, రాజురా తాలూకా ఇటు, ఇప్పటి మహారాష్ట్ర వైపు వచ్చాయి. ముధోల్, భైంసా, కుభీర్ అటు, ఆదిలాబాద్ వైపు వెళ్లాయి. గీత గీసినంత మాత్రాన చుట్టరికాలు తెగలేదు, నేల గుణమూ మారలేదు.

హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీతో కలిసి ఆ కొండల్లోని మార్లవాయిలో ఉన్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టించారు. 1987లో బెట్టీ పోతే ఆ ఊళ్లోనే సమాధి చేశారు. 1995లో ఆయన లండన్‌లో కన్నుమూశారు, ఆయన చితాభస్మం కూడా చివరికి ఆ సమాధి పక్కకే చేరింది. ఇవన్నీ మీకు తెలిసినవే. ఈరోజు నేను గుర్తు చేయదలచింది ఆయన పనిలోని ఒక గుణాన్ని. 1940లలో తాను చూసి రాసిన ఊళ్లకు ఆయన 1970లలో మళ్లీ వచ్చారు. పట్టాలిప్పించిన భూములు ఎవరి చేతుల్లోకి పోయాయో మళ్లీ చూశారు. ముప్పై ఏళ్ల కింద తెలిసింది ఇప్పటికీ నిజమే అనుకుని లండన్‌లో కూర్చోలేదు. 1982లో వచ్చిన ఆయన పుస్తకం అలా మళ్లీ చూడడం వల్ల పుట్టిందే. నా ఉపన్యాసం మొత్తం ఆ మళ్లీ చూడడం గురించే.

1. సమస్య

మే నెలాఖరుకు కృషి కేంద్రం దుకాణం ముందు నిలబడ్డ పత్తి రైతును తలుచుకోండి. నిరుడు వేసిన విత్తనం సంచే తెచ్చుకుంటే ఏం వస్తుందో కొంత తెలుసు. కొత్త సంచి తెస్తే ఎక్కువ రావచ్చు, నష్టం రావచ్చు. ఏది వచ్చినా అంతవరకూ తెలియనిదొకటి తెలుస్తుంది. మొదటి పనిని వాడుకోవడం అందాం, రెండోదాన్ని వెతకడం అందాం. చిక్కేమిటంటే ఈ రెండు పనులూ అదే చేనులో, అదే అప్పుతో, అదే వానతో చేయాలి. వెతకడానికి పెట్టిన ఎకరం వాడుకోవడానికి మిగలదు. ఎప్పుడూ వాడుకుంటూనే ఉంటే పక్కనే ఉన్న మంచిది కంటపడదు. ఎప్పుడూ వెతుకుతూనే ఉంటే దొరికినదాని ఫలం చేతికి రాదు.

ఈ ప్రశ్న రైతుకే కాదు, వైద్యుడికీ ఉంది. రెండు మందుల్లో ఏది మెరుగో ఇంకా తేలకముందే ఎదుట ఉన్న రోగికి ఏదో ఒకటి ఇవ్వాలి, ఎలా? 1933లో విలియం థాంప్సన్ అడిగింది ఇదే. 1952లో హెర్బర్ట్ రాబిన్స్ దీన్ని గణితంలో నిలబెట్టారు. జూదపు యంత్రాల పోలికతో చెప్పడం అలవాటై, శాస్త్రజ్ఞుల్లో దీనికి బాండిట్ సమస్య అనే పేరు స్థిరపడింది. యుద్ధకాలంలో ఈ లెక్క మిత్రరాజ్యాల శాస్త్రజ్ఞులను ఎంత సతాయించిందంటే, దీన్ని జర్మనీ మీద జారవిడిస్తే వాళ్ల బుర్రలు కూడా ఇందులోనే చిక్కుకుంటాయని అప్పట్లో ఒక సూచన వచ్చిందట. ఆ సంగతి పీటర్ విటిల్ తర్వాత గుర్తు చేసుకున్నారు.

2. మారని లోకం

లోకం మారదని అనుకుంటే దారి దొరికింది. 1970లలో జాన్ గిటిన్స్ చూపించింది ఇది: మనం ముట్టని దారి ముట్టేదాకా అలాగే ఉంటుందనుకుంటే, ఒక్కో దారికీ విడిగా ఒక విలువ కట్టవచ్చు. ఏ దారి విలువ ఎక్కువైతే ఆ దారి పట్టడమే ఉత్తమం. ఆ విలువలో ఇప్పటిదాకా వచ్చిన ఫలంతో పాటు, దాని గురించి ఇంకా తెలుసుకోవలసినది ఎంత మిగిలిందో కూడా కలుస్తుంది. కొద్దిసార్లే చూసిన దారికి కొంత అదనపు మార్కు పడుతుందన్నమాట. చూసినకొద్దీ ఆ అదనం కరిగిపోతుంది.

దీని నుంచి వచ్చే నడవడి మన పెద్దలకు తెలియనిదేమీ కాదు: మొదట్లో బాగా వెతుకు, తర్వాత కుదురుకో. ముందున్న కాలం పొడుగైతే వెతకడానికి విలువ ఎక్కువ. పొలం కొడుక్కి అప్పజెప్పబోయే ఏడాది కొత్త ప్రయోగం మొదలుపెట్టడంలో అర్థం లేదు.

మనుషులు నిజంగా ఇలాగే చేస్తారా అని పరీక్షించడానికి ఒక చక్కని పద్ధతి ఉంది. విద్యార్థులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. 1966లో ఆమోస్ ట్వర్‌స్కీ, వార్డ్ ఎడ్వర్డ్స్ పెట్టిన పరీక్ష అది. రెండు దీపాలు ఉంటాయి, ప్రతిసారీ ఏదో ఒకటి వెలుగుతుంది. మీకు రెండే దారులు. ‘చూస్తాను’ అంటే ఏది వెలిగిందో చూపిస్తారు, డబ్బు రాదు. ‘పందెం కాస్తాను’ అంటే గెలుపోటములు లెక్కలో పడతాయి, కానీ ఏది వెలిగిందో చూపించరు. మామూలు జీవితంలో ఫలమూ సమాచారమూ ముడిపడి వస్తాయి కాబట్టి ఎవరు దేనికోసం ఏ పని చేశారో బయటివాడికి తెలియదు. కొత్త విత్తనం కొన్న రైతు వెతుకుతున్నాడా, పక్కవాణ్ణి చూసి కొన్నాడా, పాతది దుకాణంలో లేక కొన్నాడా, రసీదు చూసి చెప్పలేం. ఈ పరీక్ష ఆ ముడిని విప్పింది. మారని లోకంలో సరైన నడవడి కొన్నిసార్లు చూసి, ఆ తర్వాత చివరిదాకా పందెం కాయడమే. అప్పటి పరీక్షలో జనం అవసరమైనదానికంటే చాలా ఎక్కువసార్లు చూశారు.

ఎందుకలా? నాకు తోచింది చెబుతాను. మనిషి పుట్టి పెరిగిన లోకం మారేదే. మారదని ఎవరో చెప్పినంత మాత్రాన అతను నమ్మడు. అది తెలివితక్కువతనమని నేననను.

3. మారే లోకం

లోకం మారుతుందని ఒప్పుకున్న మరుక్షణం గిటిన్స్ లెక్క చెల్లదు. మనం చూడనప్పుడు కూడా దారులు మారిపోతుంటాయి. నిరుడు ఓడినది ఈ ఏడు గెలవవచ్చు. 1988లో పీటర్ విటిల్ ఈ రూపాన్ని పట్టించుకుని, దాదాపుగా సరిపోయే ఒక సూచిక ఇచ్చారు. పూర్తిగా సరైన జవాబు మాత్రం కంప్యూటర్‌కి కూడా లొంగనంత కఠినమని దాదాపు పదేళ్ల తర్వాత వేరేవాళ్లు నిరూపించారు. అంటే కిన్వట్ రైతు ప్రతి మిర్గానికీ, అంటే విత్తనం వేసే కార్తెకు, తేల్చుకుంటున్న లెక్కకు ప్రపంచంలో ఎవరి దగ్గరా పూర్తి జవాబు లేదు. ఈ మాట రైతుకు బుద్ధి చెప్పే అధికారులు ముందు తెలుసుకోవాలి.

పూర్తి జవాబు లేకపోయినా దిశ తెలుసు. వెతకడం ఎప్పటికీ ఆగకూడదు. మధ్యమధ్యలో పందెం ఆపి చూడాలి. 2007లో ఆక్స్‌ఫర్డ్‌లో టిమ్ బెరెన్స్ బృందం ఒక పరీక్ష పెట్టింది. కొంతసేపు ఒక రంగు నూటికి 75 సార్లు గెలిచేలా స్థిరంగా ఉంచి, తర్వాత ముప్పై నలభై సార్లకోసారి గెలిచే రంగును తిరగేశారు. స్థిరంగా ఉన్నప్పుడు జనం పాత అనుభవాన్ని ఎక్కువ నమ్మారు. తిరగబడడం మొదలయ్యాక కొత్త ఫలితానికి ఎక్కువ విలువ ఇచ్చారు. లోకం ఎంత వేగంగా మారుతోందో మనిషి గుర్తుపట్టి, దాన్ని బట్టి తన నేర్చుకునే తీరు మార్చుకుంటాడన్నమాట.

2016లో ఆస్ట్రేలియాలో డానియెల్ నవారో, బెన్ న్యూవెల్, క్రిస్టిన్ షుల్జే ఆ దీపాల పరీక్షనే మారని లోకంలోనూ, మారే లోకంలోనూ పెట్టి పోల్చారు. మొదటిసారి ఆడినప్పుడు చాలామంది తప్పు దారి పట్టారు. కొద్దిపాటి అనుభవం రాగానే ఎక్కువమంది సరైన నడవడికి దగ్గరగా వచ్చారు. నాకు ఈ ఫలితం ఎంతో ఆశ కలిగిస్తుంది. అదే సమయంలో భయమూ పెడుతుంది. ప్రయోగశాలలో ఆటను మళ్లీ మళ్లీ ఆడనిస్తారు, ఓడితే పోయేది కాసిని చిల్లర డబ్బులు. రైతుకు ఏడాదికి ఒక్క ఆటే. ఇరవయ్యో ఏట నాగలి పట్టి అరవయ్యో ఏట దించినా నలభై వానాకాలాలు. అందులో కరువు ఏళ్లు తీసెయ్యండి, అప్పు తెచ్చి కొట్టుకుపోయిన ఏళ్లు తీసెయ్యండి. ‘కొద్దిపాటి అనుభవం’ అతనికి సగం జీవితం.

4. బీడు పెట్టిన నేల

ఈ లెక్కను ప్రొఫెసర్లు రాయకముందే ఈ కొండల్లో జనం ఒక తీరు ఏర్పరచుకున్నారు. హైమన్‌డార్ఫ్ దాన్ని వివరంగా రాశారు. గోండులు వానకారులో తేలిక నేలలు దున్నేవారు, బరువైన నల్లరేగడిలో యాసంగి పంట వేసేవారు. తేలిక నేల నాలుగేళ్లకో అయిదేళ్లకో అలిసిపోతే దాన్ని బీడు వదిలి మరో చోటికి జరిగేవారు. మళ్లీ కొన్నేళ్లకు తిరిగి వచ్చేవారు. కొలాములు కొండవాలుల్లో పోడు చేసి, అక్కడి నుంచి కదిలిపోయేవారు. 1976లో ఎరిక్ చార్నోవ్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఒక సూత్రం చెప్పాడు. ఒక చోట దొరికే తిండి, చుట్టుపక్కల మొత్తం మీద సగటున దొరికేదానికి పడిపోయినప్పుడు ప్రాణి ఆ చోటు వదలాలి అని. పోడు రైతు నేల వదిలే సమయం ఎంచుకోవడంలో ఆ బుద్ధి ఉంది.

అడవి శాఖ వచ్చి గీతలు గీసింది. దున్నుతున్న నేలను కాస్త వదిలింది, బీడుగా ఉన్నదాన్ని అడవిలో కలిపేసింది. వాళ్ల కంటికి బీడు అంటే ఎవరికీ అక్కర్లేని నేల. నిజానికి అది రేపటి కోసం పక్కన పెట్టుకున్న నేల. ఆ గీత గీసిన రోజున గోండు రైతు పోగొట్టుకున్నది కొన్ని ఎకరాలే కాదు, ఇంకో దారి ఎంచుకునే హక్కు. ఉన్న ఒక్క చెక్కలోనే ఏటేటా దున్నాలి, అది అలిసిపోయినా వేరే చోటు లేదు. ఆ స్థితిలో ఉన్నవాణ్ణి చూసి ‘పాతదాన్నే పట్టుకు వేలాడుతున్నాడు’ అనడం అన్యాయం. ఎంపికలు లాక్కున్న తర్వాత ఎంపిక చేసుకోవడం లేదని నిందించకూడదు.

5. పత్తి

ఇప్పుడు మీరంతా ఎదురు చూస్తున్న చోటికి వచ్చాను. ఇక్కడ కాస్త నిలబడతాను.

1970లో సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తి విడుదల చేశారు. వాణిజ్యంగా సాగైన హైబ్రిడ్ పత్తుల్లో ప్రపంచంలో అదే మొదటిది. మన నాందేడ్ పత్తి పరిశోధన కేంద్రం నుంచి ఎన్.హెచ్.హెచ్-44 వచ్చింది. ఇక్కడి ముసలివాళ్లకు అది నాందేడ్-44గా తెలుసు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, 2006లో రెండు జన్యువుల బీజీ-2 వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీయే. పచ్చపురుగు తగ్గింది, మొదటి ఏళ్లలో మందుల ఖర్చూ తగ్గింది. దొరికినదాన్ని రైతు వాడుకున్నాడు, వాడుకోవడం న్యాయమే.

కానీ పురుగు ఊరుకోదు. గులాబీ రంగు పురుగుకు దాదాపుగా పత్తే ఆహారం. ఎక్కడ చూసినా ఆ బీటీ జన్యువు చేసే అదే విషం ఉన్న పత్తి అయితే, ఆ విషాన్ని తట్టుకున్న పురుగే బతికి పిల్లలను పెడుతుంది. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి జన్యువుకు అది లొంగడం లేదని బయటపడింది. తర్వాత కొద్ది ఏళ్లకే బీజీ-2 పరిస్థితీ అంతే. 2017లో మహారాష్ట్ర పత్తి ప్రాంతమంతా కాయ విప్పి చూస్తే పురుగే. అదే ఏడాది పెన్‌గంగ అవతలి యవత్మాళ్ జిల్లాలో మందు కొడుతూ విషం ఎక్కి రైతులు, కూలీలు చనిపోయారు. తెలిసిన మందు పని చేయనప్పుడు మనిషి వెతుకుతాడు. ఏ తోడూ లేకుండా, ముఖానికి గుడ్డ కూడా లేకుండా వెతికినప్పుడు ప్రాణం పోతుంది.

ఈ కథలో ఒక చిన్న సంచి ఉంది. బీటీ విత్తనం 450 గ్రాముల సంచితో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చేవారు. చేను చుట్టూ దాన్ని వెయ్యమని నియమం. అక్కడ విషం తట్టుకోలేని పురుగులు కూడా బతికి, తట్టుకునే వాటితో కలిసి, పురుగు బలం నిదానంగా పెరుగుతుందని దాని ఉద్దేశం. చాలామంది వెయ్యలేదు. వేసిన రైతుకు ఆ సాళ్లలో నష్టం, లాభం మాత్రం ఊరందరిది. ఒక్కడు వేసి తొంభైతొమ్మిది మంది వెయ్యకపోతే వేసినవాడు నష్టపోవడమే మిగులుతుంది. ఆ సంచి ఎందుకో రైతుకు అర్థమయ్యే భాషలో చెప్పిన దుకాణాలు ఎన్ని? సభలో ఉన్నవాళ్లే చెప్పాలి.

ఇక రెండో సంగతి. గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు వరంగల్ జిల్లా ఊళ్లలో ఏళ్ల తరబడి పత్తి రైతుల విత్తన ఎంపికలు నమోదు చేశారు. 2007లో ప్రచురించారు. ఆయన చూసింది ఇది: ఒక ఏడు ఊరు ఊరంతా ఒక బ్రాండు వెంట పడుతుంది, తర్వాత దాన్ని వదిలేస్తుంది. పక్క ఊళ్లో మరో బ్రాండు ఊపు. ఆ ఊపుకు ఆ విత్తనం దిగుబడిలో కారణం కనిపించదు. పైకి చూస్తే రైతులు విపరీతంగా వెతుకుతున్నట్టు ఉంటుంది. నిజానికి ఎవరూ తమ చేనులో పరీక్షించి తెలుసుకోవడం లేదు, ఒకర్ని చూసి ఒకరు కొంటున్నారు. దీన్ని ఆయన నైపుణ్యం కోల్పోవడం అన్నారు.

నేను ఆ నిర్ధారణతో ఏకీభవిస్తాను, అయితే నింద ఎక్కడ పడాలో స్పష్టంగా చెప్పాలి. బ్రాండులు పుట్టగొడుగుల్లా వస్తాయి, పోతాయి. ఒకే విత్తనం రెండు పేర్లతో అమ్ముతారు, ఒకే పేరుతో వేర్వేరు విత్తనం వస్తుంది. ఒక పేరును రెండేళ్లు చూసి నేర్చుకుందామనుకుంటే మూడో ఏడు అది దుకాణంలో ఉండదు. నేర్చుకునే వేగం కంటే మారే వేగం ఎక్కువైన చోట పక్కవాణ్ణి చూసి కొనడమే మిగిలే దారి. ప్రయోగశాలలో ముప్పై ఆటలకోసారి దారి తిరగేసినప్పుడు జనం నేర్చుకున్నారు. ప్రతి ఆటకూ ఇష్టమొచ్చినట్టు తిరగేస్తే ప్రపంచంలో ఎవరూ నేర్చుకోలేరు. అప్పుడు ఆ ఆట పెట్టినవాడిదే తప్పు.

పైగా ఉద్దెర ఉంది. సావుకారి ఇచ్చిన ఉద్దెరతో విత్తనం కొనే రైతుకు ఏ సంచి కొనాలో సావుకారే చెబుతాడు. అతని ఎంపికను మన పుస్తకాల్లో ‘రైతు నిర్ణయం’ అని రాస్తున్నాం.

6. వెతుకులాట ఖర్చు ఎవరిది

ఇక్కడికి నా వాదన ఒక చోట నిలుస్తుంది. మారే లోకంలో వెతకడం తప్పనిసరి. వెతికినవాడికి నష్టం వస్తుంది, తెలిసినది మాత్రం అందరికీ చేరుతుంది. కాబట్టి ఆ ఖర్చును ఒక్కొక్క రైతు నెత్తిన వెయ్యకూడదు, ఊరూ ప్రభుత్వమూ కలిసి మోయాలి. మూడెకరాల రైతు అరెకరం ప్రయోగానికి ఇవ్వలేడు. మూడు వందల మంది రైతులు కలిస్తే తలా రెండు సాళ్లు ఇవ్వగలరు.

ఇది ఊహ కాదు. నికరాగువాలో చిక్కుడు జాతి పంటతో, ఇథియోపియాలో, మన దేశంలో గోధుమతో ఒక పద్ధతి నడిపారు. రైతు ఒక్కొక్కరికీ మూడేసి రకాలు, పేరు చెప్పకుండా, కొంచెం కొంచెం ఇస్తారు. పంట చివర మూడింటిలో ఏది మేలు, ఏది నాసి అని మాత్రం అడుగుతారు. ఒక రైతు మాటకు పెద్ద విలువ లేదు. వేలమంది మాటలు కలిపితే ఏ నేలకు, ఏ ఎండకు, ఏ వానకు ఏ రకం నిలుస్తుందో తేలుతుంది. 2019లో ప్రచురించిన ఆ ఫలితం వెనక 12,409 మడుల లెక్క ఉంది. ఇచ్చింది కొంచెం కొంచెమే కాబట్టి ఎవరూ చేనంతా పణంగా పెట్టనక్కర్లేదు.

ఏటా మళ్లీ చేస్తేనే దీని విలువ. 2019లో మేలైన రకం ఈ ఏడు మేలు కాకపోవచ్చు. రెండేళ్లు నడిపి, ఫొటోలు తీయించుకుని, నిధులు ఆపేసే పథకాలు మనం చాలా చూశాం. మారని లోకానికి సరిపోయే పద్ధతి అది, పత్తి చేనుకు పనికిరాదు.

కాబట్టి ఈ సభ నుంచి నేను అడిగేవి ఇవి. నాందేడ్ పత్తి పరిశోధన కేంద్రం, వ్యవసాయ శాఖ వాళ్లు ఏటా మే మొదటి వారంలోపు ఈ తాలూకాలో తేలిక నేలకూ రేగడికీ విడివిడిగా ఏ రకం ఎంత ఇచ్చిందో గ్రామసభల్లో మరాఠీలో, తెలుగులో, గోండీలో చదివి వినిపించాలి. ప్రయోగానికి సాళ్లు ఇచ్చిన రైతుకు ఆ సాళ్ల నష్టం ప్రభుత్వమే కట్టాలి. విత్తనం పేరు మార్చి అమ్మడాన్ని మోసంగానే చూడాలి. కాలేజీ విద్యార్థులారా, మీ ఊళ్లో పది మంది రైతుల దగ్గర ఒక్కో నోటు పుస్తకం పెట్టించండి. ఏ నేల, ఏ సంచి, ఏ రోజు విత్తారు, ఎన్ని వానలు, ఎన్ని క్వింటాళ్లు, ఇంతే రాయించండి. రైతు సోదరులారా, ఈ మిర్గానికి కొత్త సంచి ఏదైనా తెస్తే చేనంతా అదే వెయ్యకండి. నిరుటి సంచి నాలుగు సాళ్లు పక్కనే వెయ్యండి, ఒకే వానలో రెండింటినీ చూడండి. దీపావళి తర్వాత, మొదటి ఏరుడు అయిపోయాక, ఆ పుస్తకాలు పట్టుకుని ఇదే హాల్లో కూర్చుందాం రండి.